ప్రొసెక్కోనా, ఫ్రాంచాకోర్తానా, ట్రెంటోనా: ఇటలీ బుడగల వైన్ ఎంచుకోవడం ఎలా

తీపి తక్కువగా ఉండే ఇటలీ స్పార్క్లింగ్ వైన్ కావాలని దుకాణానికి వెళ్తే అరల్లో ఎటు చూసినా ప్రొసెక్కోనే కనిపిస్తుంది. ఏటా 60 కోట్లకు పైగా సీసాలు తయారయ్యే సరుకు, కనిపించక ఏం చేస్తుంది? దాని పై అరలో, రెండింతలో మూడింతలో ధర పలుకుతూ ఫ్రాంచాకోర్తా, ట్రెంటో సీసాలు ఒకటో రెండో ఉంటాయి. దుకాణంలో చెప్పే మాట సాధారణంగా ఒకటే: "ఇది మామూలుది, అది మంచిది."

ఆ మాట నమ్మి ఖరీదైన సీసా కొన్నవాళ్లు "ఇదేమిటి, పళ్ల వాసనే లేదు, రొట్టె వాసన వస్తోంది" అని పెదవి విరవడం మామూలే. చవకది కొన్నవాళ్లు "డ్రై అని రాసి ఉంది కదా, ఇంత తియ్యగా ఉందేమిటి" అని అడుగుతారు. ఇద్దరికీ దొరికినవి చెడ్డ సీసాలు కావు, తమకు సరిపడని సీసాలు. నా ఉద్దేశంలో ఇవి ఒకే సరుకులో తక్కువ రకం, ఎక్కువ రకం కానేకావు. తయారీ వేరు, రుచి వేరు, తాగే సందర్భం కూడా వేరు. బుడగ ఎక్కడ పుట్టింది, చివరికి చక్కెర ఎంత మిగిలింది అన్న రెండు సంగతులు తెలుసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. పేరూ ధరా ఆ తర్వాత చూసుకోవచ్చు.

బుడగ ఎక్కడ పుట్టింది

ద్రాక్షరసం ఒకసారి పులిస్తే మామూలు వైన్ అవుతుంది. దానికి మళ్లీ కొంచెం చక్కెర, ఈస్ట్ చేర్చి గాలి పోకుండా మూసేస్తే రెండోసారి పులుస్తుంది. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్‌కు బయటికి దారి ఉండదు కాబట్టి వైన్‌లోనే కరిగి కూర్చుంటుంది. లీటరుకు నాలుగు గ్రాముల చక్కెర పులిస్తే సుమారు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పుడుతుందని వైన్ తయారీదారుల లెక్క. ఇరవై నాలుగు గ్రాములు వేస్తే ఆరు అట్మాస్ఫియర్లు. అంత ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టే ఈ సీసాలు అంత మందంగా, అంత బరువుగా ఉంటాయి.

ఈ రెండో పులియడం ప్రొసెక్కో విషయంలో పెద్ద స్టీలు ట్యాంకులో జరుగుతుంది. పియెమోంతె ప్రాంతంలోని ఆస్తి పట్టణంలో పనిచేసిన ఫెదెరికో మార్తినొత్తి ఈ పద్ధతికి 1895లో పేటెంటు తీసుకున్నాడు. 1907లో ఫ్రాన్సుకు చెందిన యూజీన్ షార్మా దాన్ని మెరుగుపరిచాడు. ప్రపంచమంతా షార్మా పేరుతోనే పిలుస్తుంటే ఇటలీవాళ్లు మాత్రం పట్టుబట్టి మార్తినొత్తి పేరు ముందు పెట్టుకుంటారు. ట్యాంకు పద్ధతిలో పని వారాల్లో, నెలల్లో ముగుస్తుంది. ఒత్తిడి పోకుండానే వడకట్టి సీసాల్లో నింపేస్తారు.

ఫ్రాంచాకోర్తా, ట్రెంటో, ఆల్తా లాంగా వైన్లు షాంపేన్ మాదిరిగా ఎవరి సీసాలో అవే పులుస్తాయి. దీన్ని ఇటలీలో మెతోదో క్లాసికో అంటారు. పని ముగించిన ఈస్ట్ చచ్చి మడ్డిగా అడుగున పేరుకుంటుంది. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ మడ్డి విచ్చిపోతూ వైన్‌కు కాల్చిన రొట్టె, వేయించిన బాదం, వెన్న లాంటి వాసనలు ఇస్తుంది. నురగ కూడా మెత్తబడుతుంది. చివర్లో సీసాను కొద్దికొద్దిగా తిప్పుతూ తలకిందులు చేసి, మడ్డిని మూతి దగ్గరికి చేర్చి, మూతిని గడ్డకట్టించి తెరుస్తారు. లోపలి ఒత్తిడికి ఆ మడ్డి ముద్ద దానంతట అదే ఎగిరి బయట పడుతుంది. పోయిన మేరకు వైన్ నింపి, అవసరమైతే కాస్త చక్కెర కలిపి, బిరడా బిగిస్తారు.

మరి ప్రొసెక్కోను కూడా ఇలా ఏళ్లతరబడి మడ్డి మీద ఉంచవచ్చు కదా? ఉంచవచ్చు, కానీ లాభం తక్కువ. ఆవకాయకు పుల్లటి గట్టి కాయ ఏరుకుంటాం, చెరుకు రసాల మామిడిని జాడీలో వేయం. ప్రొసెక్కో చేసే గ్లెరా అనే ద్రాక్ష ఆ రసాల మామిడి కోవకు చెందినది. దాని పూల వాసన, పళ్ల వాసన తాజాగా ఉన్నప్పుడే సొగసు. ఫ్రాంచాకోర్తా, ట్రెంటోలకు వాడే షార్డొనే, పినో నేరో ద్రాక్షలను పులుపు దిగకముందే కోస్తే అప్పటికి వాటిలో పెద్ద వాసన ఉండదు. వాటికి కాలమే రుచి తెస్తుంది. అందుకని ట్యాంకు పద్ధతిని "చవక పద్ధతి" అని కొట్టిపారేయడం సరికాదు. ఆ ద్రాక్షకు అదే తగిన పద్ధతి.

లేబుల్ మీది "డ్రై"ని నమ్మకండి

ఈ ఒక్క సంగతి తెలియక జరిగే పొరపాట్లే ఎక్కువ. స్పార్క్లింగ్ వైన్ లేబుల్ మీద "డ్రై" అని ఉంటే అది తియ్యగా ఉంటుందని అర్థం. ఆశ్చర్యంగా ఉన్నా యూరప్ నిబంధన అదే.

తీపి తక్కువ నుంచి ఎక్కువకు వెళ్తే వరుస ఇలా ఉంటుంది. బ్రూట్ నేచర్ అంటే చివర్లో చక్కెర కలపనే కలపరు, మిగిలి ఉన్నది లీటరుకు 3 గ్రాముల లోపు. ఇటలీ సీసాల మీద దీన్నే పాస్ దోజే అనీ, దొసాజ్జియో జీరో అనీ కూడా రాస్తారు. ఎక్స్‌ట్రా బ్రూట్‌లో 6 గ్రాముల వరకు, బ్రూట్‌లో 12 గ్రాముల లోపు ఉండవచ్చు. ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 దాకా, డ్రైలో 17 నుంచి 32 దాకా ఉంటుంది. డెమీ సెక్ 32 నుంచి 50. ఆపైన దోల్చె, అంటే పూర్తి తీపి.

కాబట్టి తీపి వద్దనుకునేవాళ్లు చూడాల్సిన మాట బ్రూట్ లేదా అంతకంటే కింది మెట్టు. ఎక్స్‌ట్రా డ్రై అన్న మాట చూసి "డ్రై కంటే ఇంకా డ్రై కదా" అనుకుని మోసపోయేది ఇక్కడే. ప్రొసెక్కోకు ఎక్స్‌ట్రా డ్రై సంప్రదాయ శైలి, అందులో తప్పేమీ లేదు. చాలామందికి అదే నచ్చుతుంది కూడా. మొదటిసారి తాగేవాళ్లకు ఇవ్వాల్సి వస్తే నేనూ అదే ఇస్తాను. కానీ తీపి లేనిది కావాలని అడిగినవాడి చేతిలో అది పెట్టకూడదు.

ఇంకో చిక్కు ఉంది. బ్రూట్ అన్న ఒక్క మాట కింద 2 గ్రాముల వైన్ కూడా, 11 గ్రాముల వైన్ కూడా దాక్కోవచ్చు. మంచి తయారీదారులు వెనక లేబుల్ మీద గ్రాములు రాస్తారు. అంకె కనిపిస్తే దాన్నే పట్టుకోండి. ప్రొసెక్కో బ్రూట్‌లో 6 నుంచి 8 గ్రాముల దగ్గర పళ్ల రుచీ పులుపూ చక్కగా కుదురుతాయని నా అభిప్రాయం. బొత్తిగా చక్కెర లేని ప్రొసెక్కోలు ఈ మధ్య ఫ్యాషన్. బాగున్నవి లేకపోలేదు గానీ చాలావాటిలో వగరు, చిరుచేదు తప్ప ఏమీ మిగలవు.

ప్రొసెక్కోలో మెట్లు

ప్రొసెక్కో అంటే ఇటలీ ఈశాన్యంలోని వేనెతో, ఫ్రియూలి వెనెత్సియా జూలియా ప్రాంతాల వైన్. ట్రియెస్తె దగ్గర ప్రొసెక్కో అనే ఊరు ఉంది. ఒకప్పుడు ద్రాక్షను కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. 2009లో ద్రాక్ష పేరును గ్లెరాగా మార్చి, ప్రొసెక్కో అన్న పేరును ప్రాంతానికి మాత్రమే ఉంచారు. ద్రాక్ష పేరైతే ఏ దేశంవాడైనా నాటుకుని వాడుకోగలడు, ప్రాంతం పేరైతే కుదరదు. వైన్‌లో కనీసం 85 శాతం గ్లెరా ఉండాలన్నది నియమం.

అడుగు మెట్టు ప్రొసెక్కో డి.ఓ.సి. (ప్రాంతం పేరుకు ఇటలీ చట్టం ఇచ్చే రక్షణ హోదా). ఈ రెండు ప్రాంతాల్లోని తొమ్మిది జిల్లాల్లో, ఎక్కువగా మైదానాల్లో పండేది. యంత్రాలతో కోయవచ్చు, హెక్టారుకు 18 టన్నుల దాకా కాయ తీయవచ్చు. ఆకుపచ్చ ఆపిల్, పియర్ వాసన, చురుకైన బుడగ, తేలిక ఒళ్లు. స్ప్రిట్జ్ లాంటి పానీయాల్లో కలపడానికి ఇదే చాలు, ఇంతకంటే మంచిది పోయడం దండగ. పినో నేరో 10 నుంచి 15 శాతం కలిపిన గులాబీ రంగు ప్రొసెక్కోను 2020లో అనుమతించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రుచిలో అంత పెద్ద తేడా నాకు కనిపించదు.

దాని పైది కొనెలియానో వల్దొబ్బియాదెనే ప్రొసెక్కో సుపీరియోరె, డి.ఓ.సి.జి. అనే ఇంకా కఠినమైన హోదా కలది. పొరుగున ఆజొలోకూ ఇదే హోదా ఉంది. ఇవి కొండ ప్రాంతాలు. కొన్నిచోట్ల వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే యంత్రం దిగదు, మనుషులే ఎక్కి కోయాలి. గడ్డి అంచులతో సన్నటి మెట్లుగా మలిచిన ఈ కొండలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ వ్యవహారం కొత్తగా మొదలైంది కాదు. అంతోనియో కార్పెనే అనే రసాయన శాస్త్రవేత్త 1868లో ఇక్కడ వైన్ సంస్థ పెట్టాడు. ఇటలీలో మొట్టమొదటి వైన్ విద్యాలయం 1876లో కొనెలియానోలోనే వెలిసింది.

నా డబ్బు పెట్టేది ఇంకో మెట్టు పైన, "రివె" అని రాసిన సీసా మీద. రివె అంటే ఆ కొండల్లో ఒకే ఊరి లేదా ఒకే పల్లె తోటల నుంచి, చేత్తో కోసిన ద్రాక్షతో చేసినది. అలాంటి పల్లెల పేర్లు 43 ఉన్నాయి. పంట ఏడాది తప్పనిసరిగా లేబుల్ మీద ఉంటుంది. సాధారణ ప్రొసెక్కోలో పళ్లబుట్ట మొత్తం ఒక్కసారి మీద పడ్డట్టుంటే, ఇందులో పియర్, తెల్ల పూలు, ఉప్పదనం విడివిడిగా తెలుస్తాయి. చాలాచోట్ల మామూలు ఫ్రాంచాకోర్తా కంటే తక్కువ ధరకే దొరుకుతుంది. ప్రొసెక్కో ఎంత దూరం వెళ్లగలదో తెలుసుకోవాలంటే ఇదే సీసా.

అన్నిటికంటే పైన కార్తిత్సె. వల్దొబ్బియాదెనే పక్కన 107 హెక్టార్ల చిన్న కొండ. ధర కూడా కొండంతే. అయితే ఇది సంప్రదాయంగా "డ్రై" మెట్టులో, అంటే తియ్యగా చేసే వైన్. అన్నిటికంటే ఖరీదైన ప్రొసెక్కో కొని, తీపి తగిలి బిత్తరపోయేవాళ్లు ఉన్నారు. ఈ మధ్య బ్రూట్ కార్తిత్సె కూడా వస్తోంది. కొనేముందు ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి.

లేబుల్ మీద రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. స్పుమాంతే అంటే పూర్తి బుడగలు. ఫ్రిజ్జాంతే అంటే ఒత్తిడి రెండున్నర బార్లకు (ఒక బార్ దాదాపు ఒక అట్మాస్ఫియర్) మించనిది, కాస్త చిటపటలాడి ఊరుకుంటుంది. ఇక మిల్లెజిమాతో అనే గంభీరమైన మాట ప్రొసెక్కో మీద కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. కనీసం 85 శాతం ద్రాక్ష ఆ ఏడాదిది అని మాత్రమే దాని అర్థం. సీసా ఎంత తాజాదో తెలుసుకోవడానికి పనికొస్తుంది, అంతే. ప్రొసెక్కోను పంట ఏడాది దాటాక ఒకటి రెండేళ్లలోపే తాగాలి. దాచి ఉంచితే పూల వాసన పోయి నీరసపడుతుంది.

కొల్ ఫోండో అనే పాతకాలపు రకం ఒకటుంది. రెండో పులియడం సీసాలోనే జరుగుతుంది, మడ్డిని తీయరు. గ్లాసులో మబ్బుగా ఉంటుంది, తీపి దాదాపు శూన్యం, రొట్టె వాసనా పులుపూ కలిసి నాటుగా ఉంటుంది. అందరికీ నచ్చదు. నాకు ఇష్టం.

సీసాలో పులిసినవి

ఫ్రాంచాకోర్తా లొంబార్దియాలో, బ్రెషా జిల్లాలో, ఇజెయో సరస్సుకు దక్షిణాన ఉన్న ప్రాంతం. 1961లో గీదో బెర్లుక్కి, ఫ్రాంకో జిలియానీ కలిసి ఇక్కడ మొదటిసారి 3,000 సీసాల బుడగల వైన్ చేశారు. ముప్పై నాలుగేళ్లు తిరిగేసరికి, 1995లో, డి.ఓ.సి.జి. హోదా వచ్చింది. షార్డొనే, పినో నేరో, పినో బియాంకో ప్రధానమైన ద్రాక్షలు. ఏడాది పేరు లేని మామూలు సీసా కూడా మడ్డి మీద కనీసం 18 నెలలు ఉండాలి. షాంపేన్ నియమం సీసాలో మొత్తం 15 నెలలే. మిల్లెజిమాతోకు 30 నెలలు, అన్నిటికంటే ఎక్కువ కాలం ఉంచే రిసెర్వా రకానికి 60 నెలలు. ఇక్కడ మాత్రం మిల్లెజిమాతో అన్న మాటకు నిజంగా బరువుంది.

సరస్సు పక్కన వెచ్చటి చోటు కాబట్టి ద్రాక్ష బాగా పండుతుంది. అందుకే ఫ్రాంచాకోర్తా గుండ్రంగా, నిండుగా ఉంటుంది. షాంపేన్‌లోని కోత పెట్టే పులుపు ఇందులో తక్కువ. ఇక్కడిదే సాతెన్ అనే రకాన్ని బుడగలు ముక్కుకెక్కుతాయని భయపడేవాళ్లకు సూచిస్తాను. తెల్ల ద్రాక్షతో మాత్రమే చేస్తారు, ఎప్పుడూ బ్రూట్‌గానే ఉంటుంది, ఒత్తిడి అయిదు అట్మాస్ఫియర్లకు మించదు. నురగ నాలుక మీద పొడుచుకోదు, జారుతుంది.

ట్రెంటో వైన్ సంగతి వేరు. డోలోమైట్ పర్వతాల నీడలో, కొన్ని తోటలు 800 మీటర్లు దాటిన ఎత్తులో ఉంటాయి. పగలు ఎండ, రాత్రి చలి. ఆ చలే ద్రాక్షలో పులుపును కాపాడుతుంది. షార్డొనేదే పెద్దపీట. జూలియో ఫెరారీ 1902లో ఇక్కడ మొదలుపెట్టిన సంస్థను 1952లో లునెల్లి కుటుంబం కొనుక్కుంది. కార్ల ఫెరారీకీ దీనికీ చుట్టరికం లేదు, అయినా కొన్నేళ్లపాటు ఫార్ములా వన్ విజేతలు వేదిక మీద చిమ్ముకున్నది ఈ ఫెరారీనే. మామూలు సీసాకు మడ్డి మీద 15 నెలలు, మిల్లెజిమాతోకు 24, రిసెర్వాకు 36 తప్పనిసరి.

ఈ రెండిటి మధ్య తేల్చమంటే, పులుపు, శుభ్రమైన కొండగాలి లాంటి చురుకుదనం కోరేవాళ్లకు ట్రెంటో. కమ్మదనం, నిండుదనం కోరేవాళ్లకు ఫ్రాంచాకోర్తా. పెట్టిన డబ్బుకు దక్కే రుచిని చూస్తే నా ఓటు ట్రెంటోకే. ఫ్రాంచాకోర్తా ధరలో కొంత మిలాన్ నగరపు హంగుకు కడుతున్నామనిపిస్తుంది.

పియెమోంతెలోని ఆల్తా లాంగాకు 2011లో డి.ఓ.సి.జి. వచ్చింది. ప్రతి సీసా మీదా పంట ఏడాది ఉండి తీరాలి, మడ్డి మీద కనీసం 30 నెలలు గడపాలి. పినో నేరో ఎక్కువగా ఉన్నది దొరికితే గట్టి ఒళ్లున్న వైన్ దొరికినట్టే. ఇటలీ బయట అరుదు, కనబడితే వదలకండి.

లంబ్రుస్కో అనే ఎర్ర బుడగల వైన్ గురించి ఒక్క మాట. తియ్యటి లంబ్రుస్కో తాగి ముఖం చిట్లించినవాళ్లు "సెక్కో" అని రాసిన సోర్బారా లంబ్రుస్కో ఒకసారి చూడాలి. లేత ఎరుపు, పదునైన పులుపు, తీపి నామమాత్రం. కొవ్వున్న మాంసం వంటకాల పక్కన దీన్ని మించినది లేదు.

రెండు గ్లాసులు పక్కపక్కన

తేడా పట్టుకోవాలంటే చదివితే చాలదు. నలుగురు కలిసినప్పుడు ఒక ప్రొసెక్కో సుపీరియోరె బ్రూట్, ఒక ట్రెంటో బ్రూట్ తెప్పించి పక్కపక్కన పోయండి. ప్రొసెక్కోను 6 నుంచి 8 డిగ్రీల దగ్గర, ట్రెంటోను 8 నుంచి 10 డిగ్రీల దగ్గర ఉంచితే మంచిది. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే ఏ వైన్ అయినా ఒకటే. లోపాలను దాచడానికి చలిని మించిన ముసుగు లేదు.

తెరిచేటప్పుడు తీగ విప్పిన క్షణం నుంచి బొటనవేలు బిరడా మీది నుంచి తీయకూడదు. సీసాను కాస్త వంచి, బిరడాను కదలకుండా పట్టుకుని, సీసానే తిప్పాలి. చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు వస్తే బాగా తెరిచినట్టు. ఢామ్మని పేలితే నురగ నేలపాలు, ఒక్కోసారి కన్ను కూడా ప్రమాదంలో పడుతుంది.

సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లూట్ గ్లాసు ఫొటోలకు బాగుంటుంది, ముక్కుకు కాదు. పొట్ట కాస్త వెడల్పుగా, మూతి కాస్త ఇరుకుగా ఉన్న తెల్ల వైన్ గ్లాసు తీసుకోండి. గ్లాసులో సబ్బు మిగిలితే నురగ చచ్చిపోతుంది, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. గ్లాసులో బుడగలు సాధారణంగా అంటుకుని ఉన్న సన్నటి నూలు పోగు నుంచో, చిన్న గీత నుంచో పైకి లేస్తాయి. కాబట్టి ఒక గ్లాసులో వరుసలు ఎక్కువ కనిపించాయని ఆ వైన్ గొప్పదని తీర్పు చెప్పలేం. నురగను చూడాల్సింది కంటితో కాదు, నాలుకతో.

మొదట వాసన. గ్లాసును గిరగిరా తిప్పక్కర్లేదు, బుడగలే వాసనను పైకి మోసుకొస్తాయి. ప్రొసెక్కోలో పియర్, పచ్చి ఆపిల్, తెల్ల పూల వాసన ముందుకొచ్చి పలకరిస్తుంది. ట్రెంటో మొదట మౌనంగా ఉంటుంది. అయిదు నిమిషాలు ఆగితే నిమ్మతొక్క, ఆ వెనక కాల్చిన బ్రెడ్డు, వేయించిన బాదం. ఆపిల్ రెండిట్లోనూ ఉంటుంది. ఒకదాంట్లో అప్పుడే కోసిన ముక్క, మరోదాంట్లో కాసేపు గాలికి వదిలిన ముక్క.

తర్వాత ఒక గుక్క నోట్లో పోసుకుని వెంటనే మింగకుండా ఉంచండి. ప్రొసెక్కో బుడగ పెద్దదిగా, హుషారుగా పగిలి, తొందరగా తేలిపోతుంది. ట్రెంటో నురగ చిన్న చిన్న పూసల్లా నోరంతా పరుచుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. నాలుక పక్కల నీరూరితే అది పులుపు పని. మింగాక లెక్కపెట్టండి. ప్రొసెక్కో రుచి కొద్ది సెకన్లలో పళ్ల తీపితోనో, సన్నటి చిరుచేదుతోనో ముగుస్తుంది. ట్రెంటో ఇంకా కొంతసేపు ఉప్పగా, బాదం పలుకులా మిగులుతుంది.

ఇక తీపి. రెండు గ్లాసుల్లోనూ రెండు గుక్కలు వదిలేసి అరగంట తర్వాత రండి. చల్లదనం, పులుపు, వాయువు మూడూ కలిసి చక్కెరను కప్పిపుచ్చుతాయి. వైన్ వెచ్చబడి బుడగలు పోయాక ఆ ముసుగు తొలగిపోతుంది. అప్పుడు సీసాలో ఎంత చక్కెర ఉందో నాలుకే చెబుతుంది. బాగా చేసిన వైన్ ఆ స్థితిలో కూడా తాగబుద్ధేస్తుంది. నాసిరకం చక్కెర నీళ్లలా తేలిపోతుంది.

తిండి పక్కన

వెనిస్‌లో ప్రొసెక్కోను చిన్న చిన్న చిరుతిళ్లతో, వేయించిన చేపలతో, పల్చటి పంది మాంసపు ముక్కలతో తాగుతారు. బ్రెషా, ట్రెంటో వైపు క్లాసికో వైన్ భోజనం మొత్తానికీ నడుస్తుంది: సరస్సు చేపలు, రిజోత్తో, ముదురు చీజ్.

మన భోజనం దగ్గర ఒక్క సంగతి మాత్రం మారుతుంది. ఆల్కహాలూ బుడగలూ మిరపకారాన్ని ఎగదోస్తాయి. గోంగూర మాంసం, గుంటూరు కారం వేసిన వేపుడు పక్కన చక్కెర లేని ఫ్రాంచాకోర్తా పోస్తే నోరు భగ్గుమంటుంది, వైన్ రుచి చేదుగా మారుతుంది. కారం ఉన్నచోట ఎక్స్‌ట్రా డ్రై ప్రొసెక్కోనే మేలు; ఆ పన్నెండు, పదిహేను గ్రాముల చక్కెర అక్కడ పనికొస్తుంది. కారం తక్కువగా, నూనెలో వేగినవాటికి, అంటే గారెలు, అప్పడాలు, రొయ్యల వేపుడు లాంటివాటికి, బ్రూట్ ప్రొసెక్కో బాగా కుదురుతుంది. పులుపూ బుడగా కలిసి నాలుక మీది నూనెను కడిగేస్తాయి. పప్పు, నెయ్యి, జీడిపప్పు కూర లాంటి కమ్మటి వంటలకు సాతెన్ నప్పుతుంది. ఆవకాయ అన్నానికి ఏ వైనూ వద్దు, మంచినీళ్లు చాలు.

కొనేచోట

తెల్లటి పారదర్శక సీసా దుకాణపు ట్యూబులైటు కింద నెలల తరబడి నిలబడి ఉంటే కొనకండి. కాంతి తగిలితే వైన్‌లో ఉడికిన క్యాబేజీ లాంటి వాసన పుడుతుంది. గులాబీ రంగు వైన్లకు ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే రంగు కనబడాలని వాటిని ఎక్కువగా అలాంటి సీసాల్లోనే నింపుతారు. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఏసీ లేని దుకాణంలో వేసవంతా గడిపిన సీసా సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రొసెక్కో అయితే తాజా ఏడాది చూడండి. క్లాసికో అయితే వెనక లేబుల్ మీద "స్బొక్కతూరా" అని తేదీ ఉందేమో చూడండి, అది మడ్డి తీసిన తేదీ. మామూలు సీసాలను ఆ తేదీ నుంచి రెండు మూడేళ్లలోపు తాగేయడం మంచిది.

ఇక ఎవరికి ఏది? ఇంటికి పదిమంది వస్తున్నారు, కబుర్లు ముఖ్యం, వైన్ పక్కవాద్యం అనుకుంటే ప్రొసెక్కో డి.ఓ.సి. బ్రూట్ లేదా ఎక్స్‌ట్రా డ్రై. ఇద్దరే కూర్చుని శ్రద్ధగా తాగాలనుకుంటే, తేలికదనం ఇష్టమైతే రివె బ్రూట్. షాంపేన్ రుచి తెలిసి, దాని ధర భారమనిపిస్తే ట్రెంటో. ఇప్పటిదాకా బుడగల వైన్ పడనివాళ్లకు సాతెన్. అదే డబ్బుకు బాగా చవకైన క్లాసికో సీసానా, మంచి ప్రొసెక్కోనా అన్న సందేహం వస్తే నేను ఆలోచించకుండా ప్రొసెక్కో తీసుకుంటాను. పులుపూ, ఈస్ట్ వాసనా తప్ప మరేమీ లేని చవక క్లాసికో కంటే వల్దొబ్బియాదెనే కొండల వైన్ ఎంతో నయం.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు పైన చెప్పినవి దాదాపు అన్నీ దొరుకుతాయి. మన దగ్గర దిగుమతి సుంకం, రాష్ట్ర పన్నులు కలిసి ధర ఎక్కడికో వెళ్తుంది; దొరికే ఇటలీ సీసాల్లో ఎక్కువ భాగం సాధారణ ప్రొసెక్కోనే. విదేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా రెండు లీటర్ల వరకు మద్యం తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఇక్కడ ఎలాగూ దొరికే ప్రొసెక్కోతో ఆ చోటు నింపకుండా ఒక ట్రెంటో రిసెర్వా, ఒక సాతెన్ తెప్పించుకోండి.

తెరిచిన సీసాలో వైన్ మిగిలితే మూతిలో చెంచా వేలాడదీస్తే బుడగలు పోవని ఒక నమ్మకం ఉంది. అది ఉత్తమాట. స్పార్క్లింగ్ వైన్ కోసమే చేసిన కొక్కేల బిరడా కొని, బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ప్రొసెక్కో మర్నాటి వరకు, క్లాసికో రెండు మూడు రోజుల వరకు బాగానే ఉంటుంది.